తామరాకుల కింది కొరమీనుకు ఏ రాడ్?

2022లో, వానలు వెనకపట్టాక జరిగిన సంగతి ఇది. బీజాపూర్ బస్టాండుకు కాస్త అవతల నాకు వలలు, గాలాలు, చేపల దారాలు అమ్మే చిన్న దుకాణం ఉంది. మాది భోపాలపట్నం వైపు. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర హిందీ, సంత రోజున గోండీ, దోర్లీ. మొదట్లో వలలే అమ్మేవాడిని. ఉద్యోగాల మీద ఇక్కడికి వచ్చినవాళ్లు సెలవు రోజుల్లో వాగుల వెంట తిరగడం మొదలుపెట్టాక గాలపు రాడ్లు, వాటికి దారం చుట్టే రీళ్లు కూడా తెప్పించాను.

ఒక పొద్దున ఆవపల్లి దగ్గరి ఊరి నుంచి ముత్తక్క వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి. వాళ్ల ఊళ్లో పదిమంది ఆడవాళ్లు సమూహ్ అని సంఘం కట్టి పంచాయతీ కుంటను పట్టాకు, అంటే కౌలుకు తీసుకున్నారు. రోహు, బొచ్చె చేపపిల్లల్ని వదిలారు. సమూహ్‌కు ఆమే అధ్యక్ష్.

"పిల్లల్ని ఇడిసినం అన్నా. రోజురోజుకు తగ్గిపోతున్నయ్. కొరమీన్లు మింగుతున్నయ్," అంది.

"వల వెయ్యలేదా?"

"ఏంది వేసేది? లోపల మోడులు, పైన తామర. రెండు వలలు చిరిగినయ్. నీళ్లు తీద్దామంటే కింద వరి ఎండుతది. వెదురు గాలం ఒడ్డుకాడికే అందుతది. అవి నడిమిట్ల ఉంటయ్."

సమూహ్‌లో నలుగురు అప్పటికే తప్పుకుంటామంటున్నారట. మళ్లీ పిల్లల్ని తెచ్చినా అవి కొరమీన్ల మేతకే పోతాయని వాళ్ల భయం. ఆ మాట చెప్పేటప్పుడు ముత్తక్క గొంతు తగ్గింది.

అలాంటి చోటికి జిగ్ సరైనది. సీసపు తలకు లావాటి కొక్కెం, దాని చుట్టూ రబ్బరు కుచ్చు, ఆకులు తగులుకోకుండా కొక్కేనికి అడ్డంగా గట్టి వెంట్రుకల కట్ట. దాన్ని తామర సందులో వేసి, అడుగున మెల్లగా ఎగరేస్తూ ఉంటే కొరమీను కప్పో, ఎండ్రకాయో అనుకుని పట్టేస్తుంది. పద్నాలుగు గ్రాముల జిగ్గులు నాలుగిచ్చాను. రాడ్ విషయానికి వచ్చేసరికి, కొత్తగా నేర్చుకునే మనిషి కదా, తేలిగ్గా ఉండాలని మీడియం పవర్‌ది ఇచ్చాను. పవర్ అంటే రాడ్ వంగకుండా ఎంత ఎదురు నిలుస్తుందన్న లెక్క. మీడియం సులువుగా వంగుతుంది, హెవీ అంత తొందరగా వంగదు. విసరడం ఎలాగో దుకాణం వెనక సందులో ఒక గంట నేర్పాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

వారం తిరగకుండానే ఆమె మళ్లీ వచ్చింది. రాడ్‌ను గోనెపట్టాలో చుట్టి తెచ్చింది.

"విరిగిందా?"

"ఎందుకు విరుగుతది? నీ కర్ర చేపలకు మస్తు దోస్త్ అన్నా. ఐదు పట్టినయ్, ఐదూ పోయినయ్. అవి తామర కిందికి దూరుతయ్, ఇది వంగి నమస్తే పెడ్తది."

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. వెంటనే గోడకున్న వాటిలో అన్నిటికన్నా మొద్దుది, ఎక్స్‌ట్రా హెవీ తీసి చేతిలో పెట్టాను. ఆమె వీధిలోకి దిగి, అదే జిగ్ కట్టి విసిరింది. పక్క చాయ్ దుకాణం దాకా కూడా పోలేదు. అంత మొండి రాడ్‌ను వంచడానికి పద్నాలుగు గ్రాముల బరువు చాలదు. రాడ్ వంగి విడిస్తేనే జిగ్ దూరం పోతుంది.

"అది మెత్తగున్నది, ఇది రోకలి లెక్కున్నది. నువ్వు మా కుంట చూసినవా అన్నా?" అంది ముత్తక్క.

చూడలేదు. అడగనైనా లేదు. మర్నాడు దుకాణం మూసి, మూడు రాడ్లు కట్టుకుని ఆవపల్లి బస్సెక్కాను. అక్కడి నుంచి ఆమె తెచ్చిన సైకిలు మీద కట్ట వేసి, ఇద్దరం నడిచాం.

కుంట గట్టు మీద ముత్తక్క అత్త కూర్చుని ఉంది. పళ్లు లేని నోటితో చుట్ట కాలుస్తూ, "గాలం అమ్మేటోడికి మూడు కర్రలెందుకే?" అని కోడలిని అడిగింది. చెప్పడం కన్నా చూపించడం మేలనిపించింది. దారం కొసను ఆమె పిడికిలికి చుట్టి, "అమ్మా, నువ్వు చేపవనుకో," అని ఇరవై అడుగులు వెనక్కి నడిచాను. ముందు మీడియంతో కొక్కెం దిగేలా ఒక్క గుంజు గుంజాను.

"ఏమైనా తెలిసిందా?"

"చీమ గుంజినట్టున్నది."

కొనంతా వంగి నా బలాన్ని మింగేసింది. లావాటి కొక్కెం, దాని ముందున్న వెంట్రుకల కట్టను నొక్కి, కొరమీను గట్టి దవడలో దిగాలంటే ఆ బలం చాలదు. రెండోది మీడియం హెవీ. కొన మాత్రం కాస్త వంగుతుంది, కిందిది బిగువుగా నిలుస్తుంది. దాంతో గుంజితే ముసలమ్మ చుట్ట జారి ఒళ్లో పడింది. ఆమె దాన్ని తీసి నోట్లో పెట్టుకుని, "ఇది గుంజింది," అని తీర్పు చెప్పింది. మూడోది చూపించబోతే ఇక చాలని పిడికిలి విప్పేసింది.

ఆ తర్వాత నీళ్లలో చూశాం. మీడియం హెవీతో ముత్తక్క జిగ్‌ను నడిమి తామర సందులోకి చక్కగా వేయగలిగింది. అడుగున మోడు తగిలితే చేతికి తెలుస్తోందంది. ఆకుల్లో చిక్కితే కాడలతో సహా లాగేస్తోంది. పది విసుర్ల దాకా ఏమీ లేదు. గట్టు మీద సమూహ్ వాళ్లు ఆరుగురు పోగయ్యారు. తప్పుకుంటామన్నవాళ్లు కూడా అందులో ఉన్నారని తర్వాత తెలిసింది. ఇదీ తప్పితే మళ్లీ ఏ మొహంతో రాడ్ అమ్మను?

దారం ఒక్కసారి పక్కకు జరిగింది. "ఇప్పుడు గుంజు," అన్నాను. ముత్తక్క గుంజింది. నేను రీల్ తిప్పమంటున్నాను, ఆమె తిప్పలేదు. రాడ్‌ను పొట్టకు ఆనించుకుని, మొండికేసిన దూడను లాగినట్టు గట్టు మీద వెనక్కి వెనక్కి నడిచింది. తామరాకుల ముద్ద ఒకటి ఒడ్డుకు వచ్చి పడింది. ఆకులు విప్పితే లోపల మోచేతంత కొరమీను, నల్లగా, తోక కొట్టుకుంటూ. ఆడవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. ముత్తక్క మాత్రం ముందు కొక్కెం దవడలో ఎక్కడ దిగిందో చూసింది.

ఆ పూట అక్కడే అన్నం తిన్నాను. పులుసులో తల నాకు వేశారు. ముసలమ్మ, "గుంజించుకున్నది నేను, తల నీకా?" అంటే తలా సగం పంచుకున్నాం. చలికాలమంతా వాళ్లు ఆ రాడ్‌తోనే కుంటలోని కొరమీన్లను చాలావరకు పట్టేశారు. కొరమీనుకు సంతలో బేరమాడకుండా అడిగిన ధర ఇస్తారు కాబట్టి, శత్రువే ఆసరా అయింది. కొత్తగా వదిలిన పిల్లలు బతికాయి. తప్పుకుంటామన్న నలుగురూ పట్టాలోనే ఉన్నారు.

దాంతో నాకు తెలిసింది ఒక్కటే. చేప ఎంత పెద్దది, పట్టే మనిషి కొత్తా పాతా అని చూసి రాడ్ తీసేవాడిని, అది తప్పు. జిగ్ ఎంత బరువు, అది ఎక్కడ పడుతుంది, అక్కడి నుంచి చేపను దేంట్లోంచి లాగాలి, ఈ మూడూ తెలిస్తే పవర్ ఏదో దానంతటదే తేలుతుంది. అవి తెలియనప్పుడు ఇప్పుడు నేను రాడ్ ఇవ్వను.

మొన్న ఒక బ్యాంకు సారు వచ్చి అన్నిటికన్నా పవర్ ఉన్నది కావాలన్నారు. నీళ్ల అడుగున ఏముందని అడిగితే, "రాడ్ అమ్ముతావా, పరీక్ష పెడతావా?" అని విసుక్కుని వెళ్లిపోయారు. నాలుగో రోజు మళ్లీ వచ్చారు. ప్యాంటు మోకాళ్ల దాకా నల్లటి బురద, చెప్పులకు నాచు పీచు. అడుగున ఏముందో ఆ ప్యాంటే చెప్పింది, ఆయన నోరు తెరవకముందే గోడ మీది మీడియం హెవీ రాడ్ తీశాను.