మా అయ్య తలగడ

సముద్రంలో ఈదే పోటీకి పేరిచ్చానని చెప్పినప్పుడు మా అయ్య అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. దారం పంటితో తెంపి, తలెత్తకుండానే అన్నాడు.

"పడవున్నోడు ఈదడే. పడవ పోనోడు ఈదుతాడు. నీకేటి పోనాదని?"

ఏడు వందల యాభై మీటర్లు ఈదాలి, ఒడ్డుకొచ్చి ఇరవై కిలోమీటర్లు సైకిలు తొక్కాలి, సైకిలు దిగి అయిదు కిలోమీటర్లు పరిగెత్తాలి, మొత్తం రెండు గంటల్లో అయిపోవాలి, దీన్ని ట్రయథ్లాన్ అంటారు అని వివరించాను. ఇది పొట్టి రకమని, పొడుగుది వేరే ఉందని కూడా చెప్పాను.

"పొట్టిదే ఇలగుంటే పొడుగుదాన్లో ఏటి సేయిస్తారే?" అంది మా అమ్మ, చేపలు తోముతూ. "పాడె కూడా మీరే మోసుకోవాలా?"

నాకు నలభై రెండేళ్లు. విజయనగరంలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతాను. పుట్టింది మాత్రం శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పాలెంలో, వేట మీద బతికే ఇంట్లో. మా ఊళ్లో ఆడపిల్లకి సముద్రమంటే ఒడ్డు. బుట్ట పట్టుకుని ఒడ్డున నిలబడాలి, పడవ వస్తే చేప దించాలి, రాకపోతే ఏడవాలి. నీళ్లలోకి మోకాలు దాటి దిగితే వీపు చిట్లేది.

రెండేళ్ల కిందట నేను ఊరికి వచ్చిన రోజునే మా అయ్య పడవ ఒడ్డుకి దగ్గర్లో, కెరటాలు విరిగే చోట బోర్లా పడింది. ఖాళీ డీజిలు డబ్బా కౌగిలించుకుని ఆయన గంటసేపు నీళ్లలో ఉన్నాడు. కుడి భుజం జారిపోయింది. అప్పట్నుంచి ఆ చెయ్యి చెవి దాకా కూడా లేవదు. ఆ గంటసేపూ నేను ఒడ్డున నిలబడి అరిచాను. అంతకు మించి ఏమీ చెయ్యలేకపోయాను. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నానుగానీ, కన్నతండ్రి కళ్లెదుట మునుగుతుంటే నాలుగు బారలు ఈదడం రాదు. ఆ సిగ్గుతోనే విజయనగరం స్విమ్మింగ్ పూల్లో చేరాను. నా బ్యాచిలో అందరూ మూడో తరగతి వాళ్లు. "ఆంటీ, భయమేస్తే వెల్లకిలా తిరిగిపోండి. ఆకాశం చూస్తూ తేలండి. ఊపిరి అదే వస్తుంది" అన్నది కోచ్ నాకు నేర్పిన మొదటి పాఠం.

పడవ మునిగాక మత్స్యశాఖ ఆఫీసు వాళ్లు మా అయ్యకి ఒక నారింజరంగు లైఫ్ జాకెట్టు ఇచ్చారు. ఆయన దాన్ని మడిచి, మా అమ్మ పాత చీరముక్క చుట్టి, తలగడ చేసుకున్నాడు. మధ్యాహ్నం వేట నుంచి వచ్చి దాని మీద తల పెట్టి గుర్రుకొడతాడు. వేటకి మాత్రం ఉత్త లుంగీతోనే పోతాడు, ఆ పనికిరాని భుజం వేసుకుని. నేను బతిమాలాను, తిట్టాను, రెండు నెలలు మాట్లాడ్డం మానేశాను.

"జాకెట్లు ఆడోళ్లేసుకుంటారే," అనేవాడు. "ఇయ్యేసుకుని పోతే సేపలు నవ్వుతాయి."

ఆయనకి దేవుడి మీద ఒట్టు వేయించినా లాభం లేదు, పందెం కాస్తే మాత్రం మాట తప్పడు. అందుకని పోటీ సంగతి చెప్పిన ఆ రోజే పందెం వేశాను. ఈత, సైకిలు, పరుగు మూడూ రెండు గంటల్లో పూర్తిచేస్తే ఆయన జాకెట్టు వేసుకుని వేటకెళ్లాలి.

"నేకపోతే?"

"నువ్వే చెప్పు."

"నేకపోతే ఈ జన్మలో నాకాడ జాకెట్టు మాట ఎత్తకూడదు."

సరేనని చేతిలో చెయ్యి వేశాను. ఎడమ చెయ్యే. కుడిది రాదుగా.

పోటీ మా పాలెం పక్క తీరంలోనే. పొద్దున్నే వెళ్లేసరికి అరవై మంది దాకా ఒళ్లు విరుచుకుంటూ ఉన్నారు, వాళ్లని చూడ్డానికి నాలుగు ఊళ్ల జనం ఉన్నారు. ఒంటికి అతుక్కుపోయిన నా నల్ల డ్రెస్సు చూసి మా మేనత్త నెత్తిమీద చేపల బుట్టతోనే ఆగిపోయింది. "ఏటే కోడలా, నీ సైజు దొరకనేదా?" అంది. మా అమ్మ నా రబ్బరు టోపీకి పసుపు రాసి బొట్టు పెట్టింది. పక్కనున్న విశాఖపట్నం కుర్రాడు అది పోటీ రూలేమో అనుకుని తన టోపీకి కూడా పెట్టమన్నాడు. పెట్టింది.

అప్పుడు చూశాను మా అయ్యని. ఈదేవాళ్లు మునిగితే తీయడానికి నిర్వాహకులు నాలుగు పడవలు మాట్లాడుకున్నారట. అందులో ఒకటి మాది. పడవలో ఉన్నవాళ్లందరూ జాకెట్టు వేసుకోవాలని వాళ్ల షరతు. మా అయ్య వేసుకున్నాడు! బెల్టులన్నీ కలిపి గొంతు కింద ఒకే ముడి వేశాడు. గడ్డం పైకి లేచిపోయి ఆకాశంలోకి చూస్తున్నాడు.

"నవ్వకు," అన్నాడు. "ఇది ఆల్లది. మన పందెం నాదాని గురించి."

హారన్ మోగింది. ఆ తర్వాత కాసేపు ఎవరి కాలు ఎవరి మొహం మీద ఉందో తెలియలేదు. కెరటాలు దాటాను. మొదటి బుడగ దాటాను, అంటే దారి చూపడానికి నీళ్లలో కట్టిన పెద్ద బెలూను. రెండో బుడగ దగ్గర ఊపిరి అందలేదు. ఉప్పునీళ్లు గుటకలు పడ్డాయి. భయమేసింది. కోచ్ మాట గుర్తొచ్చి వెల్లకిలా తిరిగాను. కాళ్లూ చేతులూ వదిలేసి, కళ్లు మూసుకుని తేలాను. ఊపిరి నిజంగానే వచ్చింది. నా జీవితంలో ఇంత హాయిగా ఎప్పుడూ పడుకోలేదు.

ఇక్కడే నేను ఒక సంగతి మరిచిపోయాను. మా వాళ్లు స్విమ్మింగ్ పూల్ చూసిన వాళ్లు కాదు. సముద్రంలో వెల్లకిలా, కదలకుండా, కళ్లు మూసుకుని తేలే మనిషిని వాళ్లు అంతకు ముందు చాలాసార్లు చూశారు. అలా తేలినవాళ్లెవరూ బతికున్నవాళ్లు కాదు.

"ఓలమ్మో, నా గుంట పోనాదిరో!"

ఆ కేక వెనకే దభీమని నీళ్ల చప్పుడు. కళ్లు తెరిచి చూద్దును కదా, మా అయ్య నీళ్లలో ఉన్నాడు. ఒక్క చెయ్యితో నా వైపు రావాలని చూస్తున్నాడు, జాకెట్టు ఆయన్ని కొబ్బరికాయలా గుండ్రంగా తిప్పుతోంది. ఒకసారి మొహం కనిపిస్తుంది, ఒకసారి వీపు.

"అయ్యా! నేను బతికే ఉన్నాను! నిన్నెవరు దూకమన్నారు?"

"బతికుంటే అలగెందుకు తొంగున్నావే, ముండా!"

రెండేళ్ల కిందట నేను ఒడ్డున నిలబడి చూసిన దృశ్యమే ఇది. ఆయన వైపు ఈదబోయాను. పక్కనే చిన్న పడవలో ఉన్న వాలంటీరు పిల్ల ఈల వేసింది. "మేడమ్, ఆయన్ని పట్టుకోవచ్చు. ఆయన మిమ్మల్ని ముందుకి లాగితే మాత్రం డిస్‌క్వాలిఫై!" ఆయన తన మొహాన్ని తానే నా వైపు తిప్పుకోలేకపోతున్నాడు, నన్నెక్కడికి లాగుతాడమ్మా?

దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. విదిలించేశాడు. మొహంలో భయం లేదు. చిరాకు ఉంది, ఆశ్చర్యం ఉంది. నా ఎదురుగానే తల నీళ్లలోకి పెట్టి ములగబోయాడు. జాకెట్టు పైకి తన్నేసింది. మళ్లీ ములగబోయాడు. మళ్లీ తన్నేసింది.

"ఏటిది!" అన్నాడు. "ములుగుదామన్నా ములగనివ్వదేటి!"

"అయ్యా, పడవెక్కు."

"నానెక్కుతాను, నువ్వెల్లే! టైమైపోతన్నాది!"

పడవలో ఉన్న మా చిన్నాన్న దాన్ని దగ్గరికి తెచ్చి ఆయన్ని జాకెట్టు మెడ పట్టుకుని లోపలికి లాగాడు. అది కళ్లారా చూశాకే కదిలాను. ఒడ్డున జనం చూసింది మాత్రం ఇంతే: నారింజరంగు మనిషి ఒకడు నీళ్లలో తిరిగాడు, వాణ్ని ఎత్తి పడవలో వేశారు. ఇది తర్వాత నా ప్రాణం మీదికి వచ్చింది.

ఈత ఇరవై ఎనిమిది నిమిషాలు. సైకిలెక్కాను. శ్రీకూర్మం దాకా వెళ్లి తిరిగి రావాలి. దారిలో రైతులు మినుపకంప రోడ్డు మీద పరిచారు, బళ్లు తొక్కితే గింజ రాలుతుందని. చక్రం జారుతుందని నేను పక్కనుంచి వెళ్లబోతే ఒక పెద్దావిడ కర్ర అడ్డం పెట్టింది.

"మజ్జనించెల్లమ్మా, తొక్కు తొక్కు!"

తొక్కాను. ఆవిడ వంగి చూసి, "నీ బండికి బరువు నేదు. ఒక్క గింజ రాల్నేదు," అని నిరాశపడింది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, "నువ్వా? పక్కనించెల్లిపో," అంది. సముద్రంలో తిన్న దెబ్బల కంటే ఇది ఎక్కువ బాధించింది.

సైకిలు యాభై అయిదు నిమిషాలు. వెరసి ఎనభై మూడు. ఇంకా ముప్పై ఏడు నిమిషాలు ఉన్నాయి. అయిదు కిలోమీటర్లు నేను ముప్పై మూడు నిమిషాల్లో పరిగెత్తగలను. నాలుగు నిమిషాలు మిగులు! పరిగెత్తుతూ లోపల్లోపలే జాకెట్టు మీద చీరముక్క ఊడదీసేస్తున్నాను.

పరుగు దారి మా పాలెం మీదుగా పోతుంది. మా ఊళ్లో పెళ్లైన ఆడది పరిగెత్తిందంటే అర్థం ఒక్కటే.

"ఓలె, ఎవులికేటయినాదే?" అని గుమ్మంలోంచి ఒకావిడ.

"ఏమీ కాలేదు పిన్నీ!" అని అరిచాను. రొప్పుతూ, ఏడుపు మొహంతో, జుట్టంతా విడిపోయి ఉన్న మనిషి ఏమీ కాలేదంటే ఎవరు నమ్ముతారు? అప్పటికే సముద్రం నుంచి కబురు వచ్చేసి ఉంది: ఫలానా ఆయన్ని నీళ్లలోంచి ఎత్తారని. ఇదిగో ఆయన కూతురు పరిగెత్తుకొస్తోంది. ఇంకేం కావాలి? నా వెనక ఒక ఇంట్లో ఏడుపు మొదలైంది. దాన్ని అందుకుని పక్కింట్లో. మలుపు తిరిగేసరికి నడిరోడ్డు మీద మా అమ్మ చతికిలబడి ఉంది. పోటీ మొదలవగానే వంట చూసుకుందామని ఇంటికి వచ్చేసిందట. చుట్టూ ఇరవై మంది ఆడవాళ్లు.

"అమ్మా, అయ్య బాగున్నాడు! పడవెక్కాడు, నేను చూశాను!"

"నాకాడ దాస్తన్నావే... నాకు తెలీదేటి..."

ఫోను చేద్దామంటే నా దగ్గర లేదు. అయ్య ఫోను సముద్రంలో ఉంది. వాచీ చూసుకున్నాను. ఒక నిమిషం. రెండు. అమ్మని ఇలాగే వదిలేసి పోదామా అని ఒక్క క్షణం అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ అనిపించింది. ఈవిడ మొగుడి ప్రాణం కోసమే కదా ఈ పరుగు! మళ్లీ ఆవిడ మొహం చూశాను. నేను రెండేళ్ల కిందట ఒడ్డున నిలబడినప్పుడు నా మొహం ఇలాగే ఉండి ఉంటుంది. పక్కన కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చేతిలో ఉన్న నాలుగు నిమిషాలూ పోయాయి. ఇంకో నాలుగు కూడా పోయాక ఆటో వచ్చింది. అందులోంచి తడి లుంగీతో, గొంతు కింద ముడి విప్పుకోలేక, గడ్డం పైకెత్తుకుని మా అయ్య దిగాడు.

"ఎవుడు సచ్చిపోనాడని ఏడుస్తన్నారే?"

"నువ్వే!" అని అందరూ కలిసి చెప్పారు.

మా అమ్మ లేచి, ఏడుపు ఆపకుండానే ఆయన్ని రెండు దెబ్బలు వేసింది. దెబ్బలు జాకెట్టు మీద పడ్డాయి. ఆయన నన్ను చూసి అదిరిపడ్డాడు.

"ఇంకా ఇక్కడేటి సేస్తన్నావే! పరిగెట్టు!"

నేను ఆలస్యమైతే గెలిచేది ఆయనే. ఆ సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు.

పరిగెత్తాను. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్లకి ఇప్పుడు పనేం లేదు కాబట్టి వాళ్లూ నా వెనక పరిగెత్తారు. మా మేనత్త నెత్తిమీద బుట్టతో నన్ను దాటేసి వెళ్లి, గీత దగ్గర నిలబడి ఎదురుచూసింది.

రెండు గంటల నాలుగు నిమిషాలు. అప్పటికే టైము చూసే యంత్రాన్ని డబ్బాలో సర్దేస్తున్నారు. పతకం లేదు. వాలంటీరు పిల్ల జాలిపడి అరటిపండు ఇచ్చింది. ఇసుకలో కూర్చుని అది తింటూ ఏడ్చాను. ఇరవై మందీ చుట్టూ నిలబడి, ఈసారి నిజంగా ఎవరు పోయారా అన్నట్టు చూశారు.

మా అయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎంతయినాది?"

చెప్పాను.

"అయితే ఓడిపోనావు."

"ఓడిపోయాను."

"మాట మాటే. ఇంక ఎత్తకు."

వాళ్ల జాకెట్టు విప్పి, బెల్టులు సరిగ్గా మడిచి, నిర్వాహకులకి ఇచ్చేశాడు. లుంగీ పిండుకుని ఇంటికి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కూతురి కోసం సముద్రంలో దూకగలడు, కూతురి మాట కోసం ఒక గుడ్డముక్క తొడుక్కోలేడు! విజయనగరం వచ్చేశాను. తొమ్మిది రోజులు ఫోన్లో వేటకెళ్లావా, అన్నం తిన్నావా అని మాత్రమే అడిగాను. పందెం పందెమే. ఆయన కూతుర్ని కదా.

పదో రోజు బడిలో ప్రార్థన జరుగుతుండగా అమ్మ ఫోను చేసింది. పక్కకి వెళ్లి ఎత్తాను.

"మీ అయ్యకి మతిపోనాదే," అంది. "వారం రోజులబట్టీ సూస్తన్నాను. తెల్లారగట్ల ఏటకెల్తా తలగడ అట్టుకుపోతన్నాడు. మజ్జానం దాన్ని తడిపి తెస్తన్నాడు. ఏటని అడిగితే నీకెందుకంటన్నాడు. తడి తలగడ మీద ఎలగ తొంగుంటాడే మనిషి?"

పిల్లలు ప్రతిజ్ఞ చెబుతున్నారు. జాకెట్టు మాట ఎత్తకూడదని నా నోటికి పందెం ఉంది.

"ఆదివారం వస్తానమ్మా," అన్నాను. "వచ్చేటప్పుడు దూది తలగడ ఒకటి తెస్తాను."

తీసుకెళ్లాను. మా అయ్య అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. వెనక తీగ మీద చీరముక్క ఒకటి, నారింజరంగుది ఒకటి ఆరుతున్నాయి. నేను అటు చూడలేదు. కొత్త తలగడ ఆయన పక్కన పెట్టాను.

ఆయన దాన్ని ఎడమ చేత్తో నొక్కి చూశాడు.

"మెత్తగా నేదు," అన్నాడు. కాసేపు వల కుట్టుకుని, "పర్నేదు. అలవాటైపోతాది," అన్నాడు.