చక్కెర లేని ఇల్లు

బాపుకి ఇన్సులిన్ సూదులు మొదలవగానే అమ్మ ఇంట్లో చక్కెర అన్నది లేకుండా చేసింది. డబ్బా కడిగి బోర్లించింది. బెల్లం, తేనె, నేను దాచుకున్న చాక్లెట్లు, అన్నీ పక్కిళ్లకు పోయాయి. మా తాత కాలు పోయింది ఈ జబ్బుతోనే. బాపుకి ఆ గతి పట్టకూడదని ఆమె పంతం.

చాయ్‌లోకి చక్కెరకి బదులు మందుల షాపులో దొరికే తీపి గోళీలు వచ్చాయి. "ఏంది గీ చాయ్, తాగినంక నోరంత చేదు," అని బాపు రోజూ సణిగేవాడు. ఫోన్లో మెసేజీలు ఒకరోజు ఆ గోళీలు మంచివనేవి, మర్నాడు ప్రాణం తీస్తాయనేవి. డాక్టరు మాత్రం మితంగా వాడితే భయం లేదన్నాడు. అమ్మకి ఆ ఒక్క మాట చాలు. ఇంటికొచ్చిన చుట్టాలకీ అదే చాయ్ పోసేది.

లొంగనిది మాకు పిన్నిలాంటి పక్కింటి ఖాలా ఒక్కతే. సాయంత్రం మా ఇంటికి చాయ్‌కి వస్తూ కాగితంలో ఇంత చక్కెర పొట్లం కట్టుకొచ్చేది. "నీ ఫికర్ నీ మొగనికి పెట్టుకో, నాకొద్దు," అని నవ్వుతూ కప్పులో వేసుకునేది. అమ్మకది తలకొట్టేసినట్టుండేది. ఖాలా వెళ్లాక ఆ కోపమంతా గిన్నెల మీద చూపించేది.

పెళ్లిళ్ల రోజులవి. చార్మినార్ దగ్గర మా గాజుల దుకాణంలో ఒకరోజు గిరాకీ తెగక, బాపుకి అన్నం తినే తీరిక దొరకలేదు. పొద్దున సూది మాత్రం వేసుకున్నాడు. సాయంత్రం ఆటో దిగి గడపలోనే కూలబడ్డాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి.

షుగర్ పడిపోయిందని అమ్మకి అర్థమైంది. తీపి ఇవ్వాలనీ తెలుసు. పరుగున చాయ్ పెట్టి, రోజూ వేసేదానికి రెట్టింపు గోళీలు వేసింది. నేను కప్పు పట్టుకుని తాగించాను. ఇద్దరం ఆయన మొహంలోకి చూస్తూ కూర్చున్నాం. తేరుకోవాల్సింది పోయి బాపు మాట ముద్దగా అయింది. నన్ను చూసి, "ఏ సైజు గావాలమ్మా?" అన్నాడు. కన్నకూతురు గాజులు కొనొచ్చిన గిరాకీలా కనబడింది ఆయనకి.

అప్పుడే ఖాలా వచ్చింది, రోజూలాగే. ఆమె చేతిలో పొట్లం చూడగానే అమ్మ అడగనైనా అడగకుండా లాక్కుంది. చక్కెర నీళ్లలో కలిపి చెంచాతో కొద్దికొద్దిగా పట్టింది. అదృష్టం, ఆయన ఇంకా మింగగలుగుతున్నాడు. ఖాలా ఆయన తల పట్టుకుని దువా చదువుతూ కూర్చుంది. కాసేపటికి బాపు నావైపు తిరిగి, "బిడ్డా," అన్నాడు.

తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. "ఆ గోళీల తీపి నాలుకకే తెలుస్తుంది, రక్తంలో చక్కెర పెరగదు. ఇలాంటప్పుడు అసలు చక్కెరే ఇవ్వాలి," అన్నాడాయన. అమ్మ తల దించుకుని వింది. వచ్చేటప్పుడు చక్కెర కొనుక్కుంది. ఇంటికి రాగానే చిన్న పొట్లం కట్టి బాపు చొక్కా జేబులో పెట్టింది.

ఆ పని అయ్యాక ఆయన పక్కన కూలబడి ఏడ్చింది. "నా చేతులతోనే సంపుకుంటుంటి గదయ్యా. గా చాయ్ నేనే పోస్తి."

బాపు ఆమె చేయి పట్టుకున్నాడు.

"గట్లనకు. చాయ్ మస్తు తియ్యగుండె," అన్నాడు. "ఇయ్యాల అస్సలు చేదు లేకుండె."