రాతి గుంజకు చిక్కిన హెలికాప్టర్

పొద్దున్నే డాబా మీద పండ్లు తోముకుంటుంటే కాలిన కిరసనాయిలు వాసన ముక్కుకు కొడుతుంది. శంషాబాద్‌లో ఇల్లు కట్టుకున్న పాపానికి తల మీదుగా పోయే విమానాలు రోజూ నాకు పెట్టే నైవేద్యం అది. ఆ వాసన తగిలిందంటే చాలు, కింద పెట్టెలు ఈడ్చుకుంటూ క్యాబు కోసం నిలబడ్డ కిరాయి కుర్రాళ్లను చూసి నేను ఊరికే ఉండలేను. మీరు టికెట్ కొని, బెల్టు విప్పి, చెప్పులు విప్పి ఎక్కే గాలిని నేను చినిగిన నిక్కరుతో ఎక్కానర్రా, అంటాను. ఇక్కడ రన్‌వే మాట ఎవడూ కలగనని రోజుల్లోనే హెలికాప్టర్ తాడు పట్టుకుని తాటిచెట్టంత ఎత్తు లేచి, మంఖాల్ పొలాలన్నీ అరచేతిలో పెట్టినట్టు చూసి, నిమ్మళంగా దిగినవాణ్ని. ఇందులో కొంత అబద్ధం ఉంది. ఎంతన్నది తర్వాత చెప్తాను, తొందరేముంది.

మంఖాల్‌కు అవతల, వాగు పక్కన రెండే ఇండ్లుండేవి: ఒకటి మాది, ఒకటి మా బాపుకు పెదనాయిన కొడుకు పెంటయ్యది. వరసకు నాకు పెదబాపు. వరస వరసే, పగ పగే. దాయాదులం, పాలోళ్లకు ఒకటే బావి, ఒకటే మోట, వంతుల మీద నీళ్లు. ఆ వంతుల దగ్గర మొదలైన తగువు గట్టు మీదికి, గట్టు మీది రేలచెట్టు మీదికి, చివరికి ఎవరి కోడి ఎవరి దిబ్బ మీద కెలికిందన్న దాకా పోయింది. వానలు ఆగి సీతాఫలాలు కండ్లు తెరిచే నాటికి బతుకమ్మకు పేర్చే గునుగుపూలతో చెలకలు తెల్లబడేవి, అమ్మ జొన్నరొట్టెలు నలిచి బెల్లం కలిపి మలీద ముద్దలు కట్టేది, ఆ వాసనకు పెదబాపు పిల్లలు గోడవతల నిలబడి లొట్టలేసేవాళ్లు. వాళ్లకు కనపడేటట్టు గోడెక్కి తినేవాణ్ని నేను. మా చెల్లె అండాలు మాత్రం చాటుగా సగం ముద్ద వాళ్లకు విసిరేది, అందుకు నా చేతిలో దెబ్బలు కూడా తినేది.

పగలెన్ని ఉన్నా రెండిండ్లకూ ఒక అలవాటు మాత్రం ఒకటే: ఏదొచ్చినా ముందు కట్టెయ్యాలి. బండి వస్తే బండిని, చుట్టం ఎక్కివచ్చిన గుర్రాన్ని, తప్పిపోయి వచ్చిన పక్కూరి మేకను, ఏదైనా సరే, గుంజకు కట్టాకే కుశల ప్రశ్నలు. బాపు నీళ్ల చెంబుకు కూడా తాడు కట్టి మొలకు వేలాడదీసుకునేవాడు. మా ఇండ్ల వెనక పెద్ద బండ, దాని నెత్తిన మేకల్ని కట్టే రాతి గుంజ ఉండేది. ఇనుప గొలుసును గుంజ చుట్టూ తిప్పి, కొండిని మళ్లీ ఆ గొలుసుకే తగిలించడం మాకు నడక వచ్చిన కొత్తలోనే వచ్చేది.

ఆ ఏడు బతుకమ్మకు ముందు ముసురు పట్టింది. ఎగువన చెరువు కట్ట తెగి, వాగు ఇండ్లలోకి వచ్చింది. మేకల కోసం లోపలికి పోయిన అండాలు మీద మట్టిగోడ కూలింది. బాపు గోడ కిందనుంచి ఆమెను లాగేసరికి ఎడమకాలు మోకాలి కింద పక్కకు తిరిగి ఉంది. రెండిండ్లవాళ్లం బండ మీదికి ఎక్కాం. చుట్టూ ఎర్రనీళ్లు, నెత్తిన వాన, అయినా ఒకరికొకరం వీపులు పెట్టుకునే కూర్చున్నాం. వాళ్ల దగ్గర అగ్గిపెట్టె ఉంది, మా దగ్గర ఎండిన చుట్టలున్నాయి. ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. గుంజకు ఆనించి కూర్చోబెట్టిన అండాలు మొదట ఏడ్చింది, తర్వాత ఏడుపు ఆపింది, అప్పుడు అమ్మకు భయం పట్టుకుంది. పట్నం దవాఖానకు తొందరగా చేరకపోతే కాలు దక్కదని బాపు అన్నాడు. చేరడానికి దారి లేదు.

అప్పుడొచ్చింది ఫౌజు హెలికాప్టర్, వాగు పొడుగునా చెట్లెక్కిన జనాన్ని ఏరుకుంటూ. దాని గాలికి వాన కూడా అడ్డంగా కురిసింది, మేకలు నీళ్లలోకి దూకబోయాయి, అమ్మ కొంగు ఎటు పోయిందో తెలియదు. తలుపు దగ్గర కూర్చున్న మనిషి ఇనుప తాడు దించాడు, దాని కొసకు కొండి, కొండికి నడుముకు బిగించే పటకా. ఒక్కొక్కరే రమ్మని వేలు చూపించాడు. ఆ వేలు దగ్గరే మా పరువులు లేచాయి. పెదబాపు ముసలి తల్లి చలికి బిగుసుకుపోయి ఉంది.

"ముందు నా బిడ్డ పోతది. కాలు పోయినంక ఎవడిస్తడు?" అన్నాడు బాపు.

"మా అమ్మ పానం పోతే నువ్విస్తవురా?" అన్నాడు పెదబాపు.

ఇద్దరూ గల్లాలు పట్టుకున్నారు, ఆడవాళ్లు విడిపించడానికి పోయి వాళ్లూ కలియబడ్డారు. ఇదే అదను అని నేను ఉరికి కొండిని పట్టుకున్నాను. ఇప్పుడు నిజం చెప్తున్నాను, రాసుకోండి: నేను ఏ తాటిచెట్టంతా లేవలేదు. ముట్టుకోగానే కరెంటు తీగను పట్టుకున్నట్టు ఒళ్లంతా జల్లుమంది, వెనక్కి వెల్లకిలా పడ్డాను, అంతే నా విమానయానం.

లేచి కండ్లు తుడుచుకునేసరికి ఇనుప తాడు రాతి గుంజకు చుట్టుకుని ఉంది, కొండి తాడుకే తగిలి ఉంది. పైన హెలికాప్టర్ మెడ బిగిసిన దున్నలా ఊగుతోంది. తలుపు దగ్గరి మనిషి రెండు చేతులూ ఆడిస్తూ అరిచాడు, మాకేం వినపడుతుంది. మరుక్షణం తాడు పైనుంచి తెగి బండ మీద చుట్టలు చుట్టలుగా పడింది. హెలికాప్టర్ పక్కకు ఒరిగి, తేరుకుని, వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

మర్నాడు నీళ్లు తీశాక బండి కట్టి అండాలును దవాఖానకు తీసుకుపోయారు. కాలు నిలిచింది గాని వంకరగా అతికింది. ముసలామె చావలేదు, ఇంకా చాలా ఏండ్లు బతికి మమ్మల్ని తిట్టింది. పిల్ల పోకుండా పెంటయ్యే కట్టాడని మేము, ముసలామె పోకుండా మా బాపే కట్టాడని వాళ్లు. అప్పటిదాకా ఉన్న తగువులన్నీ దీని ముందు పసిపిల్లల ఆటలైపోయాయి. అండాలు కుంటుకుంటూ వాకిట్లో నడిచినప్పుడల్లా నేను వాళ్లింటి వైపు తిరిగి ఉమ్మేసేవాణ్ని. పెదబాపు పోయిననాడు మా ఇంటి మనిషి ఒక్కరు కూడా పాడె దగ్గరికి పోకుండా చూశానని చాలా ఏండ్లు గొప్పగా చెప్పుకున్నాను. ఈ మాటలో అబద్ధమేమీ లేదు.

మొన్న అండాలు మనవడు శ్రీకాంత్ సెలవు మీద వచ్చాడు. వాడు సముద్రం ఒడ్డున కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ల స్టేషన్‌లో పని చేస్తాడు, తలుపు దగ్గర కూర్చుని తాడు దించే పనే. గంట మోగితే తాగే చాయ్ అక్కడే వదిలి ఉరుకుతారట. పడవ బోల్తాపడ్డవాళ్ల నెత్తి మీద నిలిచినప్పుడు పైలట్‌కు కింద మనిషి కనపడడట, వీడు జర ముందుకు, జర కుడికి అని చెప్తుంటే ఆ మాటల మీదే నడుపుతాడట. రెక్కలు తిరిగి తిరిగి హెలికాప్టర్ ఒంట్లో కరెంటు పుడుతుందట, అందుకే కొండిని ముందు నీళ్లకు తాకించి గాని మనిషికి ఇవ్వరట. అరవై ఏండ్ల నాటి నా జల్లుకు కారణం వాడి నోట విని, నాకు సిగ్గుకు బదులు కోపం వచ్చింది. తాడు దేనికన్నా చిక్కితే ఏం చేస్తావురా అని అడిగాను.

"కోసేస్త తాతా. తాడు పోతే పోతది. లోపల నలుగురం ఉంటం," అన్నాడు.

ఇన్నేండ్లు ఆ తాడు తెంపినవాణ్ని కూడా తిట్టానని వాడికి చెప్పలేదు. ఆ బండ ఇప్పుడు లేదని మాత్రం చెప్పాను. పేల్చి కంకర చేశారు, వాగు మీద ప్లాట్లు చేసి గేటు పెట్టారు, గునుగుపూలను సంచుల్లో తెచ్చి అమ్ముతున్నారు, పెదబాపు కొడుకులు భూమి అమ్ముకుని మైలార్‌దేవ్‌పల్లిలో ఎక్కడో ఉన్నారట, ఎక్కడో నేను కనుక్కోలేదు. గుంజకు ఎవరు కట్టారు తాతా అని శ్రీకాంత్ అడిగాడు. ఇంకెవడు, పెంటయ్యే, అన్నాను.

మా పక్కనే కాలు చాపుకుని చిక్కుడుకాయలు తుంచుతున్న అండాలు తలెత్తలేదు.

"పెదబాపు కట్టలే, బాపు గూడ కట్టలే. గా కొండి నేనే తగిలించిన. మీరంత కొట్లాడుకుంటుంటే అది నన్ను ఇడిసిపెట్టి పోతదని భయమైంది."

ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చిన్నగున్నప్పుడు బాపు కొడ్తడని చెప్పలే. పెదబాపు సచ్చిననాడు పోయి గాయన కాళ్లకాడ చెప్పొస్తనని లేసిన. గడప దాటితే నా చెల్లెవే కావని నువ్వే అంటివి."