శనివారం బండెక్కని పాప

మా ముత్తాత మణియకారు, అంటే ఊరి మునసబు. ఆయన తమ్ముడు జిల్లా బోర్డు మెంబరు. మా తాతగారు పెరుమాళ్ గుడి ధర్మకర్త. మా ఇంటివాళ్లు తమిళనాడులోని ధర్మపురి బజారువీధిలో కాలినడకన కనిపించకూడదన్నది వంశ నియమం. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో భూములు చాలావరకు పోయినా నియమం మాత్రం మిగిలింది. దాన్ని నిలబెట్టడానికి ఒక నల్ల అంబాసిడరు కూడా మిగిలింది. దానికి డ్రైవరును నేనే (జీతం లేదు, గౌరవం ఉంది).

పెరుమాళ్ శనివారాలు జరుపుకునే పెరటాసి నెలలో మా చిన్నాయన కూతురు ఇజ్రాయెల్ నుంచి ఒక్కతే వచ్చింది. పదహారేళ్ల పిల్ల. చిన్నాయన లండన్‌లో చదువుతూ ఒక యూదుల అమ్మాయిని పెళ్లాడి, వాళ్ల దేశంలో స్థిరపడినప్పటి నుంచి తాతగారు ఆయన పేరెత్తలేదు. పిల్లను ఇంట్లోకి రానిచ్చారు గానీ నేరుగా మాట్లాడేవారు కారు. ఆమె ఎదురుగా కూర్చున్నా, "ఆ పాపని ఇంకొంచెం పెట్టించుకోమని చెప్పురా" అని నాతో అనేవారు. "చాలని తాతకి చెప్పన్నా" అని ఆమె నాతోనే అనేది. తెలుగు బాగానే వచ్చు, అదీ అచ్చం ధర్మపురి తెలుగు. చిన్నాయన ఊరు వదిలాడు గానీ మాట వదల్లేదన్నమాట.

ఒకరోజు ఆ పిల్ల నాతో, "ఆడ నన్ను ఇండియా పిల్ల అంటారు. ఈడ ఫారిన్ పాప అంటా ఉండారు. తాత ఒక్కసారి మా బిడ్డే అంటే సాలన్నా" అంది. నేను గంభీరంగా తల ఊపాను.

శనివారం నిష్ఠలో జిల్లాలో మమ్మల్ని మించినవాళ్లు లేరని తాతగారి నమ్మకం. యూదులకూ శనివారం ఏ పనీ చేయకూడని విశ్రాంతి దినమట, ఈ పిల్ల ఆ రోజు పొయ్యి కాదు గదా, లైటు స్విచ్చి కూడా ముట్టదు! గుడికి బయలుదేరి నేను కారు తలుపు తీస్తే దూరంగా నిలబడింది.

"మేము శనివారం బండెక్కకూడదన్నా. నడిచే వస్తాను. కోవిల బయటుండి చూస్తాను."

"మా ఇంటి ఆడబిడ్డ బజార్లో నడిచేదా? ఎక్కమని చెప్పురా!" అన్నారు తాతగారు. ('మా ఇంటి' అన్న మాట జారిందని నేను గమనించాను.)

ఆమె అప్పటికే గేటు దాటింది. ఇక చేసేదిలేక, ముందు ఆమె, వెనక ఫస్ట్ గేరులో మేము. టీకొట్టు దగ్గర ఎవరో, "ఏమన్నా, ఊరేగింపు ఎవురికి?" అని అరిచారు. నేను అద్దం పైకెత్తాను. అది సగంలో ఆగింది. బజారు మలుపులో ఇంజను కాగి, పొగలు కక్కి, కారు కూడా ఆగింది.

తాతగారు దిగారు. ఉత్తరీయం సర్దుకుని నడిచారు. అంగళ్లవాళ్లు లేచి నిలబడ్డారు. పాలకోడు నుంచి తెచ్చిన తక్కాళి (టమాటా) బుట్టలు దింపుతున్న ముసలాయన నోరు తెరిచాడు.

"సామీ, మీరు నడిచి వస్తా ఉండారే! ఈ పాప ఎవురు?"

పిల్ల టక్కున ఆగి, అలవాటుగా నా వైపు చూసింది. తాతగారు మాత్రం నా వైపు చూడలేదు.

"నా చిన్నోడి బిడ్డ. మా ఇంట్లో శనివారమంటే శనివారమే!" అని, ఆమె వైపు తిరిగారు. "ఎండలో యేల నిలబడినావమ్మా? రా."

"వస్తా ఉండానని తాతకి..." అని నాతో మొదలుపెట్టి, సగంలో నవ్వేసి, ఆయన పక్కకు పరుగెత్తింది.

నేను ఎవరూ గుర్తుపట్టకుండా తలకు తువ్వాలు చుట్టుకుని కారు తోసుకుంటూ ఇంటికి వచ్చాను (ఆ కారును గుర్తుపట్టనివాడు ధర్మపురిలో ఉన్నట్టు!). ఇప్పుడు అదే వీధిలో రోజూ సంచి పట్టుకుని నడుస్తాను, నడుము మాత్రం వంచను. అంబాసిడరును ఆ మరుసటి ఏడు పాత ఇనుము వ్యాపారికి అమ్మేశాం.