సొరుగులో క్యాలెండరు కాగితాలు

మొన్న నందిగామలో బస్సు కోసం చూసి చూసి, కాళ్ళు లాగి, ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్లో కాఫీకి కూర్చుంటే గల్లాపెట్టె వెనక గోడమీద, దేవుడి పటం పక్కనే, బంగారు రంగు సీలుతో ఒక నాణ్యతా సర్టిఫికెట్ కనిపించింది. ఎవరిచ్చారండీ అని అడిగాను. ఎవరో ఇద్దరు వచ్చారనీ, వారం తిరక్కుండా పటం కట్టించి మరీ ఇచ్చి వెళ్ళారనీ యజమాని మురిసిపోతూ చెప్పాడు. కాఫీ బాగానే ఉంది గాని నాకు సయించలేదు. ఒకప్పుడు అలాంటి కాగితం కోసం మేము పడిన పాట్లూ, ఆ పాట్ల మధ్య నేను పడిన కుళ్ళూ గుర్తుకొచ్చాయి. అసూయ అని మర్యాదగా చెప్పుకోవచ్చు గాని, నా ఈడువాళ్ళు మీరు, మీ దగ్గర దాపరికం దేనికి, అది కుళ్ళే.

ఎనభైల మధ్య నుంచీ నేను జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ లాబ్‌లో కెమిస్టుని. నందిగామలో కాపురం, పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సు, సాయంత్రానికి జడలో కూడా సిమెంటు దుమ్ము. ఆ లాబ్‌లో ఏకైక ఆడమనిషిని నేనే కావడం నాకు లోలోపల మహా గర్వంగా ఉండేది. ఆ గర్వం తొమ్మిదేళ్ళు నిలిచింది. తరువాత మా మరిదికి పెళ్ళయింది, వచ్చిన తోటికోడలు ఎమ్మెస్సీ చదివింది, ఆరు నెలలు తిరిగేసరికి అదే లాబ్‌లో టెంపరరీగా చేరి బస్సులో నా పక్కనే కూర్చుంది. నాది ఉత్త బీఎస్సీ. మా అత్తగారు ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు గాని, ఎత్తకపోవడంలో కూడా నాకు ఏదో వినిపించేది.

ఆ రోజుల్లో, సిమెంటు ఎలా ఉండాలో, ఎలా పరీక్షించాలో చెప్పే ప్రమాణాలంటే ఢిల్లీలో ఎవరో పెద్దమనిషి కూర్చుని రాసి పంపించేవని నేననుకునేదాన్ని. కాదట. జాతీయ ప్రమాణాల సంస్థ ముందుగా ఒక చిత్తుప్రతి తయారుచేసి, సరుకు చేసేవాళ్ళకీ, వాడేవాళ్ళకీ, లాబులకీ, కాలేజీలకీ పంపి, అభ్యంతరాలుంటే ఫలానా గడువులోగా రాయండి అంటుందట. వచ్చిన ప్రతి మాటనూ కమిటీ ముందు పెడతారు, అందరూ ఒక దారికి వచ్చేదాకా చర్చిస్తారు. అలాంటి చిత్తుప్రతులు మా లాబ్‌కీ వచ్చేవి, వాటిని మేము బీకర్ల కింద పరుచుకునేవాళ్ళం. మా తోటికోడలు మాత్రం ఒకటి ఇంటికి తెచ్చుకుని ఆదివారమంతా చదివి, వానాకాలంలో నమూనాలకు తేమ తగులుతుంది కాబట్టి ఎన్నాళ్ళలోపు పరీక్షించాలో స్పష్టంగా చెప్పాలని ఒక్క పేరా రాసి పంపింది.

ఆ మాట నాది. తొమ్మిదేళ్ళ పాటు ప్రతి శ్రావణమాసంలోనూ తడిసిన నమూనా డబ్బాలు చూసి అందరిమీదా విసుక్కుంటూ నేను అన్న మాట అది. కొన్ని నెలలకు ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది, ఆ సూచనను కమిటీ అంగీకరించిందని. మా అత్తగారు కూరగాయల బండివాడిని కూడా వదల్లేదు, "మా చిన్నకోడలికి ఢిల్లీ నుంచి ఉత్తరమొచ్చిందయ్యా" అని చెప్పి కొసరు కొత్తిమీర కూడా వేయించుకుంది. తోటికోడలు నా దగ్గరికొచ్చి, "నువ్వు రోజూ అనేదే కదక్కా, నేను రాసానంతే" అంది నవ్వుతూ. నా పేరు కూడా రాయాల్సిందని నేను అడగలేదు, తనకీ తోచలేదు. ఆ రాత్రి అన్నం సయించక మజ్జిగ తాగి పడుకున్నాను.

ఆ తరువాత నాణ్యతా వ్యవస్థల కాలం వచ్చింది. అదే ప్రమాణాల సంస్థ, సరుకుకే కాకుండా పనిచేసే పద్ధతికి కూడా సర్టిఫికెట్ ఇస్తుందట. చేసేదంతా రాయాలి, రాసినట్టే చేయాలి, చేసినట్టు రుజువు ఉండాలి. అది లేనిదే ఎగుమతుల ఆర్డర్లు రావని మేనేజరు హడావిడి పడి, లాబ్ విధానాలన్నీ రాసే పని మా తోటికోడలికి అప్పగించాడు. సర్టిఫికెట్ వచ్చిన రోజున నీ ఉద్యోగం పర్మనెంట్ అని అందరి ముందూ మాట ఇచ్చాడు.

తను రాసిన విధానంలో, పరీక్ష ఫలితాన్ని చూసిన వెంటనే నేరుగా రిజిస్టరులోనే రాయాలనీ, తప్పు పడితే చెరపకుండా ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలనీ ఉంది. నా రిజిస్టరులో గీతలా! ఇన్నేళ్ళూ నేను పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో రాసుకుని, సాయంత్రం బస్సుకు ముందు ముత్యాల్లాంటి అక్షరాలతో రిజిస్టరులోకి ఎక్కించేదాన్ని. మా లాబ్‌లో ఎవరి పద్ధతైనా అదే. కొట్టివేత లేని రిజిస్టరంటే నియమంగా ఉండే మనిషికి గుర్తని మా లెక్క. నేను పైకి సరేనని తలూపి, నా కాగితాలు నేను రాసుకుంటూనే ఉన్నాను.

సర్టిఫికెట్ ఇచ్చేముందు తనిఖీకని ఆ సంస్థ నుంచి ఆడిటర్లు ఇద్దరు వచ్చారు. అందులో పెద్దాయన మన తెలుగాయనే. నా రిజిస్టరు తిరగేసి, తిరగేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఏడాదిలో ఒక్క కొట్టివేతా లేదేంటమ్మా? ముందు ఎక్కడ రాస్తారు?" అని మెత్తగా అడిగాడు. ఏదో ఒకటి చెప్పి దాటేయవచ్చు. ఆయన వెనక మా తోటికోడలు నిలబడి ఉంది, కొత్త నేతచీర కట్టుకుని, పొద్దున మా అత్తగారు పెట్టిన కుంకుమతో. ఆ బొట్టు చూశాను. సొరుగు లాగి, కాగితాల కట్ట మొత్తం తీసి బల్లమీద పెట్టాను. విధానం రాసింది ఎవరో, దెబ్బ ఎవరికి తగులుతుందో నాకు బాగా తెలుసు. తెలిసే తీశాను.

రాసిన విధానం ఒకటి, జరిగే పని ఇంకొకటి అని ఆడిటర్లు లోపం రాశారు. దాన్ని సరిదిద్ది, మళ్ళీ వచ్చి చూస్తే గాని సర్టిఫికెట్ లేదన్నారు. బస్సులో తను తిడుతుందని ఎదురుచూశాను. దారిలో చిల్లకల్లు దాటాక, "మంచిపని చేశావక్కా. నిన్ను అడక్కుండా రాసా, తప్పు నాదే" అంది. ఆడిటర్లకు పంపే జవాబులో, లోపానికి కారణం రాయాల్సిన గడిలో కూడా, పని చేసేవారిని సంప్రదించకుండా విధానం రాశాను అని తనమీదే వేసుకుంది. కొత్త విధానానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క అంచె అడిగి రాసి, తయారుచేసినవారు అన్నచోట నా పేరు పెట్టింది. తిట్టి ఉంటే ఆ పూటతో నా కడుపుమంట చల్లారేది.

రెండు నెలలకు సర్టిఫికెట్ వచ్చింది. ఈలోగా మేనేజరు మారాడు. కొత్తాయన, పాత మాటలు నాకు తెలియవన్నాడు. తను కొన్నాళ్ళు చూసి ఉద్యోగం మానేసింది. ఏడాదిపాటు ఇంట్లో మా అత్తగారికి పూలు కట్టిస్తూ కూర్చున్న ఆమె మొహం నేను సూటిగా చూడలేకపోయాను. తరువాత విజయవాడలో శిక్షణ తీసుకుని, రెండువేల సంవత్సరం దాటాక తనే ఆడిటరై ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది. అప్పుడు మళ్ళీ కుళ్ళుకున్నాను. నా బుద్ధి అంతే.

ఇప్పుడు సర్టిఫికెట్లు టిఫిన్ హోటళ్ళ దాకా వచ్చాయి. అడిగేవాడు లేడు, సొరుగు తీసేవాళ్ళూ లేరు. మా లాబ్‌లో ఫలితాలు వాటంతటవే కంప్యూటరులోకి వెళ్ళిపోతాయనీ, కాగితమూ పెన్సిలూ కనిపించవనీ విన్నాను. ఒక్క పేరా కోసం ఆదివారమంతా కూర్చునే మనిషి ఎక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

మా తోటికోడలు మాత్రం ఇప్పటికీ నాణ్యత మీద ఎక్కడ క్లాసు చెప్పినా నా గురించి చెబుతుందట. మా అక్క ఒకావిడ ఉంది, ఆడిటరు అడగగానే ఒక్క అబద్ధం ఆడకుండా సొరుగు తీసి చూపించింది, తోటికోడలినైన నా ఉద్యోగం పోతుందని తెలిసి కూడా నిజమే చూపించింది, నాణ్యత అంటే అదీ అని. విన్నవాళ్ళు నాకు ఫోన్ చేసి మెచ్చుకుంటారు. ఇన్నేళ్ళలో అది నిజాయితీ కాదనీ, కుళ్ళనీ తనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇన్నాళ్ళూ నేను తన చదువును చూసి కుళ్ళుకున్నాను, తన ఉత్తరాన్ని చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు తను చెప్పే ఆ అక్కను చూసి కుళ్ళుకుంటున్నాను. ఆవిడకున్న మంచి మనసు నాకు లేదు.