ఎలుక గొంతుతో మాట్లాడిన ఏనుగు

మూడో తరగతి టీచరుని బడంతా సుడిగాలి అనేది. ఎదురుగా కాదులెండి, వెనకాల. ఆవిడకీ తెలుసు, పైగా మురిపెం కూడాను. గదిలో అడుగుపెడితే సంచీ ఓ మూల, గొడుగు ఓ మూల, మనిషి అప్పటికే ఆఖరి బెంచీ దగ్గర. ఇంట్లో మొగుడు "అన్నం తిన్నావా?" అంటే, బళ్ళో కంప్యూటరు ధ్యాసలో "సేవ్ చేశానండీ" అనేసే రకం.

ఆవిడ తరగతి పిల్లల నోటికి తాళం ఉండదు, పుస్తకం తెరిస్తే మాత్రం చటుక్కున తాళం పడిపోతుంది. కసిరితే చదువొస్తుందనుకునే వాళ్ళకో దండం. సుడిగాలి కసరలేదు. స్టోరుగదిలో దుమ్ము తింటున్న ట్యాబులు బతిమాలి తెచ్చింది. వాటిలో బొమ్మ గీసి, మాటలు రాసి, గొంతు రికార్డు చేస్తే బొమ్మే నోరు కదిపి మాట్లాడుతుంది. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: రాసినవాళ్ళు చదవకూడదు, పక్కవాళ్ళే చదవాలి. ఇక చూస్కోండి! "ఇదేం రాతే, కోడి కెలికినట్టుంది!" అని ఒకర్నొకరు సాధించి, దిద్దించి మరీ చదివారు.

ఇది చూసి హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడమ్‌కి ఒళ్ళు మండింది.

"బొమ్మలాటకి చదువని పేరా? శుక్రవారం వస్తాను. పిల్లలకి చదవడం రాకపోతే ట్యాబులన్నీ మళ్ళీ స్టోరుకే."

శుక్రవారం పొద్దున్నే గొంతులన్నీ వరసలో పెడదామని సుడిగాలి హడావిడిగా ఏదో నొక్కింది. అంతలో పెద్ద మేడమ్ రానే వచ్చింది. తెరమీద ఏనుగు తొండమెత్తి, కీచుగొంతుతో "అమ్మో, పిల్లి వస్తోందే!" అంది. ఎలుకేమో బొంగురుగా, "తప్పుకోండి, నేను కూర్చుంటే నేల కుంగుద్ది!" అంది. కోడి మ్యావ్ అంది. పిల్లలు బెంచీల మీద పడి దొర్లారు. సుడిగాలికి కూడా పాడు నవ్వు ఆగలేదు.

"ఇదేనా చదువు?"

"సౌండ్ ఆపేయండి టీచర్, మేమే చదువుతాం!" అంది ముందు బెంచీ పిల్ల.

ఒక్కొక్కరే లేచి, బొమ్మ పక్కనున్న మాటలు గడగడా చదివేశారు.

"బట్టీ పట్టించావు," అంది పెద్ద మేడమ్.

"అయితే మీరే కొత్తగా ఓ మాట రాయండి మేడమ్," అంది సుడిగాలి.

ఆవిడ ట్యాబు లాక్కుని, ఏనుగు మాట చెరిపి, తనది రాసి, కావాలనే ఆఖరి బెంచీ పిల్లకిచ్చింది. ఆ పిల్లని అందరూ గుసగుస అంటారు, గొంతు పెదవి దాటదు. సుడిగాలి గోళ్ళు కొరుక్కుంది.

"నేను... పెద్ద... దాన్ని," అని కూడబలుక్కుంది గుసగుస. తర్వాత గొంతు లేచింది. "నేను పెద్దదాన్ని కాబట్టి నాకన్నీ తెలుసు!"

అక్కడితో ఊరుకుందా?

"మేడమ్, మీ ఏనుగుకి పొగరెక్కువ. ఎలుక జవాబు నేను రాస్తా, మీరు చదవండి."

గుసగుస నాలుక బయటపెట్టి మరీ రాసింది. పెద్ద మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుని చదివింది: "అన్నీ తెలిస్తే కాలు తియ్యి, నా తోక తొక్కావు."

"అలా కాదు మేడమ్, ఎలుక గొంతు! సన్నగా!"

ఆవిడ అటూ ఇటూ చూసింది. పక్క తరగతికి వినపడకుండా తలుపు మూయించింది. ఆ పైన తీసింది చూడండి కీచుగొంతు! సుడిగాలి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "మరి ట్యాబులు మేడమ్?" అంది.

"ఉండనీవమ్మా, ఎక్కడికి పోతాయి," అని విసుక్కుంటూ పెద్ద మేడమ్ గుసగుస పక్కన ఇరుక్కుని కూర్చుంది. "జరుగు. ఏనుగు ఇంత మాట పడి ఊరుకోదు."