మా పాకలో పెళ్లిళ్ల గుర్రం

పొద్దున్నే వంటింట్లో క్యారెట్ తరుగుతుంటే కిటికీలోంచి తెల్లటి మూతి ఒకటి లోపలికి వస్తుంది. పిలవక్కర్లేదు. కత్తిపీట చప్పుడు వినబడితే చాలు, పాకలో ఉన్నది కాస్తా కిటికీ దగ్గర హాజరు. కూరకని తీసిన దాంట్లో సగం దానికే పోతుంది. మా ఆయన ఆకుకూరలు సీతమ్మధార రైతుబజారుకు వేసుకెళ్లి, వచ్చేటప్పుడు ఓ సంచీడు క్యారెట్ తెస్తాడు. అందులో మనుషుల వాటా ఎంత, గుర్రం వాటా ఎంత అని నేను అడగను, ఆయనా చెప్పడు.

మాది సబ్బవరం దగ్గర పల్లె. ఇంటి వెనక రెండు గేదెలు, పచ్చగడ్డి మడి, కాసిని ఆకుకూరల మళ్లు. చుట్టుపక్కల పొలాలన్నీ రాళ్లు పాతిన ప్లాట్లయిపోయాయి. ఆ కొత్త ఇళ్లలో ఎక్కడైనా గృహప్రవేశానికి బ్యాండు మోగిందా, మా గుర్రం చెవులు రెండూ అటు తిప్పేసి, నిలబడిన చోటే రెండడుగులు వేసి చూపిస్తుంది. ఎంతమంది పెళ్లికొడుకుల్ని మోసిందో మరి. ఇప్పుడు దాన్ని చూసి నవ్వుకుంటున్నాను గానీ, అది వచ్చిన కొత్తలో నాకు నవ్వు రాలేదు.

విశాఖ పాతనగరంలో ఒక సాయిబు గారు పెళ్లిళ్లకు గుర్రాలు పంపేవారు. వాళ్లకు గడ్డి మా మడి నుంచే వెళ్లేది. ఒకరోజు గడ్డిమోపులు దించడానికి వెళ్లిన మా ఆయన, తిరిగొచ్చేటప్పుడు అదే వ్యానులో గుర్రాన్నీ, పక్కన సాయిబు గారినీ వేసుకొచ్చాడు. ఊరేగింపులో తారురోడ్డు మీద జారి దాని ముందుకాలు వాచిందట. మెత్తటి మట్టినేల మీద ఉంటే తప్ప తగ్గదని పశువుల డాక్టరు చెప్పాడట. సాయిబు గారి వాకిలంతా సిమెంటే.

"ఈ వానలెల్లేదాకా మీకాడుంచుకోండమ్మా. కుదురుకుందా, అప్పుడు సూద్దాం. లేదంటే పైఊరోళ్లు అడుగుతన్నారు, పెళ్లిళ్లకే. ఆళ్లకిచ్చేస్తాను," అన్నారాయన దాని మెడ నిమురుతూ.

ఆ 'పెళ్లిళ్లకే' అన్న మాట నన్ను గుచ్చింది. ఆ కాలితో మళ్లీ తారురోడ్డు, మళ్లీ టపాకాయల మధ్య నాట్యం. అది వ్యాను దిగుతూ మట్టిని ఒకసారి వాసన చూసి, ముక్కుతో గట్టిగా ఊపిరి వదిలింది. నా మనసు అప్పుడే దానిమీద పడిపోయింది. ఏమైనా సరే, ఇది ఇక్కడే ఉండాలి అనుకున్నాను.

మా అత్త మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏటిది? పాలిత్తాదా? దుక్కి దున్నుతాదా? ఈ దొరసానికి మనమేటి సేవలు సేత్తామే?"

మా అత్త అంటే ఊళ్లో పశువులకు సగం డాక్టరు. కళ్ల రంగు చూసి జ్వరం చెప్తుంది, తోక ఎత్తే తీరు చూసి ఈనే రోజు చెప్తుంది. అందుకే మూడోరోజు మధ్యాహ్నం ఆవిడ పాకలోంచి మొహం మాడ్చుకుని వస్తే చేతిలో పని వదిలేసి ఎదురెళ్లాను.

"దొరసానికి బాగాలేదే," అంది.

"ఏటయింది అత్తా? శుభ్రంగా తింటంది కదా?"

"తింటంది. తిని అలాగ నిలబడిపోతంది. పొద్దుట్నుంచీ సూత్తన్నాను, ఒక్కపాలి నెమరెయ్యలేదు."

వెళ్లి చూశాను. గేదెలు రెండూ మేత మేసి, చల్లగా కూలబడి, కళ్లు అరమోడ్చి నెమరేస్తున్నాయి. పక్కనే గుర్రం ఒక కాలికి విశ్రాంతి ఇచ్చి నిలబడి ఉంది. మూతి కదలడం లేదు. పశువు నెమరు మానేసిందంటే మా ఇళ్లలో అందరికీ ముద్ద దిగడం మానేస్తుంది. ఏ రోగమైనా ముందు అక్కడే తెలుస్తుంది. మా ఆయన వచ్చి చూశాడు, ఆయన మొహం కూడా పాలిపోయింది.

అత్త వాము, అల్లం దంచి బెల్లంలో కలిపి ఉండ చేసి పెట్టింది. గుర్రం గుటుక్కున మింగి, ఇంకోటి ఏదీ అన్నట్టు అత్త కొంగు లాగింది. రెండోది కూడా మింగింది. నెమరు మాత్రం వేయలేదు. మర్నాడు అత్త తన నులకమంచం పాక చూరు కిందకు ఈడ్చుకొచ్చి, పగలంతా దాని మూతికేసి చూస్తూ కూర్చుంది. పాలిస్తుందా అని అడిగిన మనిషి, టీవీ సీరియల్ కూడా వదిలేసుకుంది.

"సాయిబుకి ఫోన్ సెయ్యే," అంది సాయంత్రం.

నేను చేయలేదు. చేస్తే ఆయన ఏమంటారు? కుదురుకోలేదు అంటారు. వ్యాను తెస్తారు. ఛార్జింగ్ లేదన్నాను, సిగ్నల్ లేదన్నాను. నా స్వార్థం నాకు తెలుస్తూనే ఉంది. తెలిసీ ఆ పూట గడిపేశాను.

మరుసటి పొద్దున అత్త నా చేతిలోంచి కత్తిపీట లాగేసింది.

"సిగ్నలు లేదేటి? రాత్రి మీ పిన్నితో మాటాడినావు కదా, అప్పుడేటుంది? నోర్లేని జీవమే అది. దానికేటైనా అయితే నీ దగ్గరుండి ఏటి లాభం?"

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. పెరట్లోకి వెళ్లి ఫోన్ చేశాను. "గుర్రానికి బాగాలేదు సాయిబు గారూ," అని మాత్రం చెప్పి పెట్టేశాను.

ఎలా వచ్చారో గానీ, వంట పూర్తయ్యేలోగా ఆటో మా గుమ్మంలో ఉంది. చెప్పులు విడవకుండానే పాకలోకి పరిగెత్తారు. చెవులు పట్టుకు చూశారు, పొట్టకు చెవి ఆనించి విన్నారు, కింద పడ్డ లద్దిని కర్రతో కదిపి చూశారు. వాచిన కాలు నొక్కి చూశారు. అది చాలా వరకు తగ్గింది.

"మేత తింటందా?"

"తింటంది."

"నీళ్లు తాగుతందా?"

"తాగుతంది."

"మరేటమ్మా బాగాలేనిది?"

అత్త గొంతు తగ్గించి, ఇంట్లో చావు కబురు చెప్పినట్టు చెప్పింది. "మూడురోజులై నెమరెయ్యట్లేదు బాబూ."

ఆయనకు ముందు అర్థం కాలేదు. గేదెలకేసి చూశారు, గుర్రం వైపు చూశారు. తర్వాత ఉన్నచోటే గొంతుక్కూర్చుని, భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "గుర్రం నెమరెయ్యదమ్మా! అల్లా దానికా పని పెట్టనేలేదు!"

డిగ్రీ చదివి, ద్వారకా నగర్‌లో ఆరు నెలలు కోచింగ్ తీసుకున్నదాన్ని నేను. నెమరువేయు జంతువులు ఆవు, గేదె, మేక, గొర్రె అని రాసి మార్కులు కొట్టేసినదాన్ని. ఆ వరసలో గుర్రం లేదని ఆ మూడు రోజుల్లో ఒక్కసారీ తట్టలేదు. భూమిలోకి దిగిపోదామనిపించింది. అత్తకు మాత్రం సిగ్గు కంటే కోపమే ముందొచ్చింది.

"ఆ ముక్క దింపినప్పుడే సెప్పొచ్చు కదేటి! నా మందంతా తినేసింది!"

సాయిబు గారి నవ్వు మెల్లగా ఆగింది. పాక చూరు కింద ఉన్న మంచాన్నీ, దాని మీది దుప్పటినీ, రోట్లో మిగిలిన అల్లం పిప్పినీ చూశారు.

"పెళ్లిళ్లోళ్లు దీనికి పూలేస్తారమ్మా, ఫొటోలు దిగుతారు," అన్నారు. "తిన్నాక దీని నోరెలాగుందో ఎవులూ సూళ్లేదు. నాను కూడా సూళ్లేదు."

లేచి గుర్రం మెడ దగ్గర తాడు ముడి విప్పడం మొదలుపెట్టారు. "తీసుకెళ్లిపోకండి," అనేశాను బయటికే. ఆయన తాడు పూర్తిగా తీసి, చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నారు.

"మీ తాడు తెండమ్మా," అన్నారు.

మా పల్లెల్లో పశువును ఇచ్చేసేవాడు తన తాడు తనే ఉంచుకుంటాడు. తీసుకున్న ఇంటివాళ్లు తమ తాడు వేసుకుంటారు. ఆయన మాట నాకింకా ఎక్కనే లేదు, మా అత్త మోకాళ్ల నొప్పులు మరిచిపోయి ఇంట్లోకి ఉరికింది. ఆవిడ వచ్చేదాకా గుర్రం మెడలో ఏమీ లేకుండా మా మధ్యనే నిలబడింది. అత్త రొప్పుతూ వచ్చి, కొత్త తాడు తన చేత్తోనే వేసి ముడి బిగించింది. ఆ కాసేపూ సాయిబు గారు గడ్డి మడి వైపు చూస్తూ ఉండిపోయారు.

"ఏటే అలాగ నిలబడిపోయినావు? సాయిబుకి టీ పెట్టు," అంది అత్త నాతో.

"ఇప్పుడొద్దమ్మా," అన్నారాయన చంకలో తాడు సర్దుకుంటూ. "ఇంకాసేపుంటే దీన్ని తిరిగిచ్చెయ్యమని అడిగేస్తాను."

నవ్వుతూనే అన్నారు గానీ, ఆటో ఎక్కేదాకా ఆయన పాక వైపు తిరిగి చూడలేదు.